ముల్కీ అఫిడవిట్ నుంచి గ్రీన్‌కార్డు దాకా

ఎవరి కిందా కొలువు చేయకుండా సొంత పని మీద బతికేవాడు పరాయి రాజ్యంలో స్థిరపడాలంటే మొదట ఏ కాగితం చేతబట్టుకుని పొలిమేర దాటాలి? వీసా కన్సల్టెన్సీల పుణ్యమా అని ఇది ఈ కాలపు ప్రశ్నలా కనిపిస్తోంది గానీ, గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో దీనికి దాదాపు నూరేళ్ల వయసుంది. నిజాంసాగర్ కిందికి తరలినవాళ్లు, తుంగభద్ర కాలువల వెంట క్యాంపులు కట్టుకున్నవాళ్లు, పత్తి చేతికి రాక వరంగల్ వైపు కౌలుకు వెళ్లినవాళ్లు, ఆ తర్వాత అమెరికా విమానమెక్కినవాళ్లు, అందరూ దీనికి ఏదో ఒక జవాబు వెతుక్కున్నవాళ్లే. ఈ వలసలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. స్థిరనివాసం పేరుతో ప్రభుత్వాలు రాసిన నిబంధనలు చాలావరకు ఉద్యోగిని మనసులో పెట్టుకుని రాసినవి. సొంత పని వాడిని నిలబెట్టింది ఆ నిబంధనలు కావు, తన బతుకుతెరువు మీద తన పేరున రాసి ఉన్న హక్కు దస్తావేజు. అది చిక్కినవాళ్లు ఒక తరంలోనే ఆ ఊరివాళ్లయిపోయారు. చిక్కనివాళ్లు ఎన్నేళ్లు సాగు చేసినా ఏటేటా మళ్లీ అడుక్కోవలసిన స్థితిలోనే ఉండిపోయారు.

ముందు ముల్కీ సంగతి చూద్దాం. ఉత్తరాది నుంచి వచ్చి హైదరాబాద్ సంస్థానంలో పెద్ద కొలువులు పట్టేస్తున్నవాళ్ల మీద స్థానికులకు చాలాకాలంగా గుర్రుగా ఉండేది. 1919 ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల వెనుక ఉన్నది ఆ కోపమే. సంస్థానంలో పుట్టనివాడు ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే 15 ఏళ్లు అక్కడ స్థిరంగా కాపురముండాలి. అంతటితో తీరదు, వెనకటి ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన వదులుకున్నానని నిర్ణీత ఫారం మీద, మెజిస్ట్రేట్ ధ్రువీకరణతో అఫిడవిట్ ఇవ్వాలి. ఈ రెండో షరతు చదివితే ఇప్పటి కాన్సులేటు కిటికీ గుర్తుకు రాకమానదు. అక్కడ వీసా అధికారి అడిగేది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది: తిరిగి వెళ్తావని నాకేమిటి నమ్మకం? ఎటునుంచి అడిగినా రాజ్యం తూచేది మనిషి ఉద్దేశాన్ని. ఇంతకీ ఇంత కట్టుదిట్టమైన ముల్కీ హోదా వల్ల దక్కేదేమిటి? సర్కారు కొలువుకు అర్హత. నాగలి పట్టడానికి, నీరు కట్టుకోవడానికి, పండించింది అమ్ముకోవడానికి ముల్కీ కానక్కరలేదు. 15 ఏళ్లు ఎవరైనా లెక్కపెట్టుకున్నారంటే అది ఆఫీసు గుమాస్తా పదవి కోసమే తప్ప పొలం కోసం కాదు.

అందుకే నిజాంసాగర్ కథ ముల్కీ కథకు పక్కగా, దానితో పెద్దగా పేచీ లేకుండా నడిచింది. మంజీర మీద 1923లో మొదలైన ఆనకట్ట 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరింగ్ ప్రతిభకు అది గుర్తు. నీళ్లయితే వచ్చాయి గానీ, జొన్న, పజ్జొన్న వేసుకునే మెట్ట రైతుకు రాత్రికి రాత్రి దమ్ము చెయ్యడం, నారు పొయ్యడం, కాలువ వంతు చూసుకోవడం ఎలా వస్తుంది? పెట్టుబడీ కావాలి. మరోవైపు బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయిన దగ్గరనుంచి డెల్టా రైతుకు మూడు తరాల మాగాణి అనుభవం ఉంది. పిల్లలు పెరిగి, పొలం పంచుకుంటే ముక్కలైపోయి, ఎకరం ధర మాత్రం ఆకాశంలో ఉంది. డెల్టాలో ఒక ఎకరం అమ్మితే అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. బోధన్, వర్ని, కోటగిరి ప్రాంతాలకు గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల కుటుంబాలు అలా చేరాయి. 1930ల చివర బోధన్‌లో చక్కెర కర్మాగారం రావడంతో చెరకుకూ గిరాకీ పుట్టింది. ఆయకట్టు నిండితేనే ఆనకట్ట మీద పెట్టిన డబ్బు శిస్తు రూపంలో తిరిగి వస్తుంది కాబట్టి నిజాం సర్కారుకు ఈ రైతులు కావాలి. సొంత పని వాడికి తలుపు తెరుచుకునేది ఇలాంటప్పుడే: తన పనితనం లేక అవతలి ఖజానాకు నష్టం కలుగుతున్నప్పుడు. ఆ అవసరం ఉన్న కాలంలోనే వెళ్లి, పొలం కొని, పట్టాదారు గడిలో పేరెక్కించుకున్నవాడికి తర్వాత ఎవరి దయాదాక్షిణ్యాలతోనూ పని పడలేదు.

ఇది దేశంలోపలి వలస కదా, వీసాతో పోలికేమిటని అడగవచ్చు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన 1948కి ముందు సంగతి అలా లేదు. గుంటూరు మనిషి మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ ఇండియా ప్రజ. మధిర వైపు పొలిమేర దాటితే నాణెం వేరు, అక్కడ చెలామణి అయ్యేది హాలీ సిక్కా. సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గిరీ నాకాలు వేరు. కచేరీ భాష ఉర్దూ, కోర్టులు వేరు. పాస్‌పోర్టు లేదన్న మాటే గానీ, పరాయి రాజ్యంలో అడుగుపెట్టినవాడు ఎదుర్కొనే చిక్కుల్లో చాలావాటిని ఆ రైతు ఎదుర్కొన్నాడు. పైగా ఇవాళ దేశాలు విదేశీయుణ్ణి ఏ రెండు పద్ధతుల్లో చూస్తున్నాయో, అవి రెండూ ఆ సంస్థానంలో అప్పటికే ఉన్నాయి: కొలువుకు ఒక కొలత, పెట్టుబడికీ పనితనానికీ మరో కొలత.

తుంగభద్ర దగ్గర ఇది మరీ స్పష్టం. 1945లో పని మొదలై 1953కి కాలువల్లోకి నీరొచ్చింది. ఎడమ కాలువ కింది గంగావతి, సింధనూరు హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లావి; కుడిపక్క సిరుగుప్ప బళ్లారి జిల్లాలో, అంటే మద్రాసు రాష్ట్రంలో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సిరుగుప్ప మైసూరు వైపు పోయింది. 1956 నవంబరులో రాయచూరు కూడా అటే పోయింది. 1973లో రాష్ట్రం పేరే కర్ణాటకగా మారింది. శ్రీరామనగర్ లాంటి క్యాంపుల్లో కాపురం పెట్టిన రైతు గడప కదలకుండానే రాష్ట్రం మారిపోయింది, కచేరీ భాష ఉర్దూ నుంచి కన్నడమైంది. అంత జరిగినా రిజిస్టరు దస్తావేజు చెల్లుతూనే వచ్చింది. 1974లో కర్ణాటక భూసంస్కరణల చట్టంలో 79ఏ, 79బీ సెక్షన్లు చేర్చి, వ్యవసాయదారుడు కానివాడు సాగుభూమి కొనకుండా కట్టడి చేశారు. 2020లో ఎత్తేసేదాకా అవి ఉన్నాయి. ఆ కట్టడి అడిగింది ఏ భాషవాడివని కాదు, ఏం చేసి బతుకుతున్నావని. పాస్‌పోర్టుల లోకంలో సొంత పని వాడిని ఆపేసే ప్రశ్నే ఇక్కడ వాడికి అర్హతగా మారింది. ఇంత అనుకూలమైన ఏర్పాటు ఆ తర్వాత ఈ జిల్లాల వాళ్లకు ఎక్కడా దొరకలేదేమో.

దీనికి అవతలి పక్క ఉంది, దాన్ని దాచిపెట్టి రాస్తే చరిత్ర కాదు. ఒకడు చవగ్గా కొన్నాడంటే మరొకడు చవగ్గా అమ్ముకున్నాడని అర్థం. నీరొచ్చాక తమ నేల విలువ ఏమవుతుందో తెలియకముందే అమ్మినవాళ్లు, అప్పు తీర్చలేక అమ్మినవాళ్లు తెలంగాణలోనూ రాయచూరులోనూ ఉన్నారు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 47వ సెక్షన్ అధికారి ముందస్తు అనుమతి లేని భూమి బదలాయింపు చెల్లదన్నది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకాన్ని ప్రాంతీయ మండలి అదుపులో ఉంచాలన్న షరతు చేరింది. అంటే సమస్య అప్పటి నాయకులకు తెలుసు. అయితే అనుమతి కోసం కచేరీ చుట్టూ తిరగడం ఇష్టంలేని అమ్మేవాడూ కొనేవాడూ కలిసి సాదా బైనామా దారి పట్టారు. మామూలు తెల్లకాగితం, దాని మీద సర్వే నంబరు, నాలుగు పక్కల హద్దులు, ముట్టిన సొమ్ము, ఇద్దరి వేలిముద్రలో సంతకాలో, కింద ఊరి పెద్దల సాక్ష్యం. రిజిస్ట్రేషన్ లేదు. దాన్నిబట్టి ఊరి భూమి రికార్డైన పహాణీలో అనుభవదారు గడిలో కొన్నవాడి పేరు చేరేది, పట్టాదారు గడిలో మాత్రం అమ్మినవాడి పేరే కొనసాగేది. ఇలా కొన్నవాళ్లలో స్థానిక పేద రైతులూ లెక్కలేనంతమంది ఉన్నారు, వలస వచ్చినవాళ్లకే అంటిన జబ్బు కాదిది. ఊళ్లో మాటకు విలువ ఉన్నంతకాలం రెండు గడుల తేడా ఎవరినీ బాధించలేదు. ఎకరం ధర లక్షలు దాటి, అమ్మినవాడి మనవలు రికార్డు తీయించినప్పుడు గానీ నొప్పి తెలియలేదు. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చేసరికి అనుభవదారు గడి రికార్డులోంచి మాయమైంది. దశాబ్దాల సాగుకు ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం అలా పోయింది.

1980ల వలస కథను కూడా ఈ కాగితం లేని స్థితి నుంచే అర్థం చేసుకోవాలి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలాక గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టలో పత్తి, మిర్చి ఊపందుకున్నాయి. ఎరువుల దుకాణం, పురుగుమందుల దుకాణం, గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి, ఈ మూడింటి అప్పు మీద నడిచే సేద్యం అది. 1984-85లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. కొట్టినకొద్దీ మందుకు లొంగని పురుగు, కొట్టినకొద్దీ పెరిగే బాకీ. 1987-88 నాటికి ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు పత్రికలకెక్కాయి. ఇక్కడ కౌలు రేట్లు భరించలేక, ఇంకా అలిసిపోని నేల కోసం, కొంతమంది వరంగల్, కరీంనగర్, ఖమ్మం జిల్లాలకు కదిలారు. నిజాంసాగర్ తరానికీ వీళ్లకూ తేడా చేతిలోని సొమ్ములోనే ఉంది. వాళ్లు ఎకరం అమ్మి వెళ్లారు, వీళ్లు అప్పు మోసుకుని వెళ్లారు. కొనే స్తోమతు లేదు కాబట్టి కౌలుకు తీసుకున్నారు. వాణిజ్య పత్తి సాగును ఆ జిల్లాల్లో వ్యాపింపజేయడంలో వీళ్ల పాత్ర పెద్దది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులకు దారితీసిన అప్పుల పద్ధతి కూడా అదే పంటతో పాటు వెళ్లిందనడం అన్యాయమేమీ కాదు.

కౌలు ఎందుకు కాగితం మీదకు ఎక్కదు? 1950 చట్టం రక్షిత కౌలుదారుకు హక్కులిచ్చింది. 38-ఈ సెక్షన్ కింద 1970ల్లో అలాంటి కౌలుదార్లను భూమికి యజమానులను చేసింది. ఎంతో మంచి చట్టం. దాన్ని కళ్లారా చూసిన భూస్వామి మాత్రం ఇక జన్మలో కౌలు కాగితం రాయకూడదని నిర్ణయించుకున్నాడు. కౌలు నోటిమాటగా మిగిలింది, ఏడాదికో రెండేళ్లకో కౌలుదారుణ్ణి మార్చడం అలవాటైంది. తాత్కాలికానికీ శాశ్వతానికీ నడుమ చట్టం ఒక మెట్టు కడితే, ఇచ్చేవాడు ఆ మెట్టు దరిదాపులకు ఎవరినీ రానివ్వడు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం ఈ భయాన్ని పోగొట్టాలని ఏడాది కాలానికి చెల్లే రుణ అర్హత కార్డు ఇచ్చింది. భూమి మీద ఎలాంటి హక్కూ రాదని భరోసా కూడా ఇచ్చింది. ఆ కార్డుకూ దుబాయి ఇప్పుడిస్తున్న వీసాకూ పెద్ద తేడా లేదు. 2022 నుంచి యూఏఈ సొంతంగా పనిచేసుకునేవారికి, స్పాన్సరు అక్కర్లేకుండా, అయిదేళ్ల గ్రీన్ వీసా ఇస్తోంది. పేరు చూసి గ్రీన్‌కార్డు అనుకునేరు. ఎన్నిసార్లు పొడిగించుకున్నా అది శాశ్వత నివాసంగా మారదు. పనిచేసుకోవడానికి ఉన్నంతలో మంచి వీసానే, స్థిరపడాలనుకునేవాడికి కౌలు కార్డు.

హక్కు దస్తావేజు లేకపోవడం ఎంత దూరం వెంటాడుతుందో తెలంగాణ వచ్చాక తేలింది. 2014 జులై 30న కొత్త ప్రభుత్వం ఫీజు సాయానికి ఫాస్ట్ పథకం ప్రకటించి, కుటుంబం 1956 నవంబరు 1 నాటికే తెలంగాణలో ఉండాలని షరతు పెట్టింది. హైకోర్టు అభ్యంతరాల తర్వాత మరుసటేడు ఆ పథకాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ తేదీ చేసిన విభజన గమనించదగ్గది. నిజాంసాగర్ తరం మనవడికి తాత పేరున పాత పహాణీ ఉంది, ఇబ్బంది లేదు. పత్తి కౌలుకు వచ్చినవాడి కొడుకు వరంగల్‌లోనే పుట్టి పెరిగినా చూపించడానికి ఏమీ లేదు. 2018 మే నెలలో ఎకరానికి పంటకు 4000 రూపాయల చొప్పున మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే ఇచ్చారు. సాగు చేసేవాడు స్థానికుడైనా వలస వచ్చినవాడైనా కౌలుదారు చేతికి ఏమీ రాలేదు.

పట్టా ఉన్నంతమాత్రాన మనిషికి భద్రత ఉంటుందా, 1969 మాటేమిటని ఎవరైనా నిలదీస్తే ఒప్పుకోవాల్సిందే. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమ వేడిలో ఆంధ్ర ప్రాంతం వాళ్ల ఇళ్ల మీదికి, ఆస్తుల మీదికి వెళ్లిన ఘటనలున్నాయి. గుంపు వచ్చినప్పుడు దస్తావేజు అడ్డుపడదు. అయినా ఆ గొడవల మూలం చూస్తే ఉద్యోగాలే కనిపిస్తాయి. 1957 ప్రభుత్వోద్యోగాల నివాసార్హత చట్టం, దాన్ని 1969లో సుప్రీంకోర్టు తెలంగాణ విషయంలో కొట్టేయడం, 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే కోర్టు చెప్పడం, వెంటనే గుంటూరు, ఒంగోలు కాలేజీలతో సహా కోస్తా అంతా జై ఆంధ్ర అని భగ్గుమనడం, చివరికి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి, అన్నీ కొలువుల చుట్టూ తిరిగినవే. రాజ్యాంగం రాసినవాళ్లు కూడా ఈ రెంటినీ వేరుగానే చూశారు. 16(3) అధికరణం ప్రకారం సర్కారు ఉద్యోగానికి నివాస షరతు పెట్టే అధికారం పార్లమెంటుకుంది. వ్యాపారం, వృత్తి చేసుకోవడానికి 19వ అధికరణం అలాంటి షరతు పెట్టలేదు. సొంత పని వాడు దేశంలోపల ఉద్యోగి కన్నా స్వేచ్ఛాజీవి.

దేశం దాటితే ఈ లెక్క తిరగబడింది. 1965లో అమెరికా వలస చట్టం మారి, దేశాల కోటాలు పోయి, చదువుకూ వృత్తికీ పీట పడినప్పుడు 1946లో ఏర్పడిన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినవాళ్లకు దారి దొరికింది. వాళ్లలో చాలామంది లక్ష్యం సొంత ప్రాక్టీసే. కానీ మొదట ఆసుపత్రిలో రెసిడెన్సీ, అంటే ఒకరి కింద కొలువు. ఎక్స్‌ఛేంజ్ వీసా మీద వెళితే రెండేళ్లు స్వదేశానికి తిరిగి రావాలన్న షరతు తగులుకునేది, వలస వీసా మీద వెళితే తగిలేది కాదు. గడప దగ్గర పట్టుకున్న కాగితం చివరి మజిలీని నిర్ణయించడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. 1976 చట్టం విదేశీ డాక్టర్లకు ఆ తలుపు చాలావరకు మూసింది. తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్ల కాలం, 1990 చట్టంతో హెచ్-1బి. అది యజమాని సంతకంతో బతికే వీసా. అయితే అక్కడే ఉండిపోవాలన్న ఉద్దేశం ఉన్నా తప్పు పట్టని వీసా. ఆ రెండో గుణం కోసం మొదటి గుణాన్ని భరించారు. భారతీయులకు పెద్దగా వేరే దారీ లేదు. సొంత వ్యాపారానికి ఇచ్చే ఈ-2 వీసా ఒప్పందమున్న దేశాలవాళ్లకే దక్కుతుంది. పాకిస్తాన్‌కు 1961 నుంచి ఉంది, మనకు లేదు. ఉన్నా అది నేరుగా గ్రీన్‌కార్డుకు దారితీయదు. పెట్టుబడి మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-5కు 2022 నుంచి, రాయితీ ప్రాంతాల్లో కూడా, 8 లక్షల డాలర్లు పెట్టి పదిమందికి ఉద్యోగం చూపించాలి. అందుకే తాత పొలం కొని పరాయి రాజ్యంలో స్థిరపడ్డ ఇంట్లో మనవడు ముందు కొలువు చేసి, గ్రీన్‌కార్డు వచ్చేదాకా వ్యాపార బుద్ధిని అటకెక్కించి, ఆ తర్వాత కన్సల్టింగ్ కంపెనీయో పెట్రోలు బంకో తెరుస్తున్నాడు. ఏ ఒక్క దేశానికీ వార్షిక గ్రీన్‌కార్డుల్లో 7 శాతం మించకూడదన్న నియమం పుణ్యాన భారతీయులకు ఆ 'తర్వాత' దశాబ్దాలు పడుతోంది.

ఈ వాదనంతా అమ్ముకోవడానికి ఒక ఎకరమో చదువుకోవడానికి ఒక సీటో ఉన్నవాళ్ల గురించేనన్న విమర్శ సబబైనదే. మిర్చి కోతల కాలంలో కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి పిల్లాపాపలతో గుంటూరు చేలకు వచ్చే కూలీలకు ఎంపిక అనే మాటే వర్తించదు. చేల దగ్గరే గుడారాలు, కోతలు అయ్యేదాకా పిల్లల బడి మూత. వాళ్లు ఏటేటా వస్తున్నా ఇక్కడ స్థిరపడింది తక్కువ. వాళ్ల శ్రమ మీద వాళ్ల పేరున రాసి ఉన్నదేదీ లేదు మరి.

మిర్చి రైతుకు సరిగ్గా సరిపోయే వీసా లోకంలో అసలు లేకపోలేదు. కెనడాలో సొంత పని వాళ్ల తరగతి కింద, పొలం కొని తానే నడుపుకుంటానన్నవాడికి శాశ్వత నివాసం ఇచ్చే ఏర్పాటు ఉండేది. నిజాంసాగర్ కింద నడిచిన పద్ధతిని వీసాగా రాస్తే అచ్చం ఇలాగే ఉండేది. 2018 మార్చి 10న వ్యవసాయాన్ని ఆ తరగతిలోంచి తీసేసి కళాకారులకు, క్రీడాకారులకు పరిమితం చేశారు. 2024 ఏప్రిల్ 30 నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడమే ఆపేశారు. అమెరికా మాత్రం 2025 జనవరి 17 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల్లో, తన సొంత కంపెనీయే తనకు హెచ్-1బి వేసేందుకు వీలు కల్పించింది. అయితే మొదటిసారీ, తొలి పొడిగింపుకూ గడువు 18 నెలలు మాత్రమే. మామూలు ఉద్యోగికి ఒక్కసారే మూడేళ్లిస్తారు.